తబలా లేని పది రాగాలు

2010లో బాంబే కనెక్షన్ అనే ఒక చిన్న డచ్ రికార్డు సంస్థ పాత హిందుస్తానీ ఎల్పీ ఒకటి మళ్ళీ విడుదల చేసింది. దాని పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. 1982లో బొంబాయిలో హెచ్.ఎం.వి. వారి కోసం రికార్డయిన ఆ ఎల్పీ అట్ట మీద ఉన్న పేరు చరణ్‌జిత్ సింగ్. ఆ సంస్థను నడుపుతున్న ఎడో బౌమన్‌కు పాత హిందీ సినిమా సంగీతం సేకరించడం వ్యసనం. 2002లో ఢిల్లీలోని ఒక పాత రికార్డుల దుకాణంలో ఈ ఎల్పీ ఆయన చేతికి చిక్కింది. పునర్ముద్రణ వెలువడగానే ఐరోపా సంగీత పత్రికలలో కలకలం రేగింది. 1987లో షికాగోలో పుట్టిందని అందరూ చెప్పుకునే 'ఆసిడ్ హౌస్' సంగీతం అంతకు ఐదేళ్ళ ముందే బొంబాయిలో, అదీ మాల్కౌఁస్, యమన్ రాగాలలో వినిపిస్తోంది! కొందరు నమ్మలేదు. ఇది ఎవరో ఆడుతున్న నాటకమనీ, చిలిపి పనులకు పేరుబడిన ఇంగ్లీషు ఎలక్ట్రానిక్ సంగీతకారుడు అఫెక్స్ ట్విన్ దొంగపేరుతో చేసి ఉంటాడనీ కూడా అనుమానించారు.

చరణ్‌జిత్ సింగ్ కల్పిత వ్యక్తి కాడని త్వరలోనే తేలింది. అప్పటికాయన వయస్సు డెబ్భై, ముంబయిలోనే ఉన్నారు. అనుమానం తీరాక ఆశ్చర్యం బిరుదుగా మారింది: "ఆసిడ్ హౌస్‌కు ఆద్యుడు". నాటి నుండి ఈయన గురించి వచ్చిన ప్రతి వ్యాసమూ దాదాపు ఆ బిరుదుతోనే మొదలవుతోంది. భారతీయులుగా మనకు అది వినసొంపుగానే ఉంటుంది. అయితే ఆ బిరుదు ఎంతవరకు న్యాయమైనది? అది ఆయనకు చేసిన మేలెంత, ఆయన నుండి లాక్కున్నదెంత? ఈ వ్యాసంలో ఆ సంగతే విచారించదలచాను.

* * *

చరణ్‌జిత్ సింగ్ (1940–2015) సినిమా వాద్యకారుడు. 1960ల నుండి 1980ల దాకా బొంబాయి స్టూడియోలలో గిటారు, బాస్ గిటారు, రకరకాల కీబోర్డులు వాయించారు. శంకర్-జైకిషన్, సచిన్‌దేవ్ బర్మన్, రాహుల్‌దేవ్ బర్మన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ వంటి వారి వాద్యబృందాలలో పనిచేశారు. ఆ రోజులలో సినిమా రికార్డు అట్ట మీద సంగీత దర్శకుని పేరు, గీతరచయిత పేరు, గాయకుల పేర్లు ఉండేవి. వయొలిన్లు వాయించిన ముప్ఫైమందీ, గిటారు మీటినవారూ, తబలా వాయించినవారూ సాధారణంగా అట్టకెక్కేవారు కారు. మనం ఏళ్ళ తరబడి కూనిరాగాలు తీసిన పాటలలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ఆ చిన్న తునక ఎవరి వేళ్ళలోనుండి వచ్చిందో మనలో చాలామందికి ఈనాటికీ తెలియదు. మదరాసు స్టూడియోలలో తెలుగు పాటలకు వాయించిన వారి స్థితి కూడా ఇంతకన్న గొప్పగా ఏమీ లేదు.

ఇలాంటి వాద్యకారులకు సొంత పేరు బయటికి రావడానికి ఒక సందు మాత్రం ఉండేది. జనాదరణ పొందిన సినిమా పాటలను మాటలు లేకుండా ఏదో ఒక వాద్యం మీద వాయించి రికార్డుగా వేయడం. రికార్డు కంపెనీలకు అది నష్టం రాని బేరం. చరణ్‌జిత్ సింగ్ కూడా స్టీలు గిటారు మీద, ఎలక్ట్రానిక్ కీబోర్డుల మీద అటువంటి రికార్డులు చేశారు. పెళ్ళిళ్ళలో, వేడుకలలో సొంత బృందంతో సినిమా పాటలు వినిపించేవారు. కొత్త వాద్యం బజారులోకి వచ్చిందంటే దానిని సంపాదించి, విప్పి చూసి, వశం చేసుకునే స్వభావం ఆయనది. స్టూడియోలో వాద్యకారునికి ఆ స్వభావం జీవనాధారం కూడా. అంతవరకు ఎవరూ వినిపించని ధ్వని వినిపించగలవానికే మళ్ళీ పిలుపు వస్తుంది.

* * *

ఇక యంత్రాల సంగతి. ఈ రికార్డులో ప్రధానంగా వినిపించేవి మూడు. మూడూ జపానుకు చెందిన రోలాండ్ కంపెనీవి. ఇవి ఆయన సింగపూరులో కొనుక్కున్నవి.

మొదటిది టీఆర్-808. 1980లో వచ్చిన తాళయంత్రం. దీనిలో అసలు డ్రమ్ముల శబ్దాలేవీ నిక్షిప్తమై లేవు. బాస్ డ్రమ్, స్నేర్, హైహ్యాట్ వంటివన్నీ విద్యుత్ వలయాలే పుట్టిస్తాయి. పదహారు మీటల వరుసలో ఏ మీట నొక్కితే ఆ చోట దెబ్బ పడుతుంది. రెండవది జూపిటర్-8. 1981లో వచ్చిన ఈ సింథసైజరు ఏకకాలంలో ఎనిమిది స్వరాలు పలికించగలదు. మన సంగీతానికి మరీ అవసరమైన సౌకర్యం కూడా ఒకటి దానిలో ఉంది: స్వరాన్ని వంచడానికి ఒక మీట, ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడానికి మరొకటి.

మూడవది టీబీ-303. 1981 చివర బజారులోకి వచ్చిన చిన్న వెండిరంగు పెట్టె. టీబీ అంటే ట్రాన్సిస్టర్ బాస్. ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకారునికి తోడుగా బాస్ గిటారు వాయించి పెట్టడం దాని ఉద్యోగం. రూపొందించినవారు తదావో కికుమోతో. అనుకున్న పని అది చేయలేకపోయింది. దాని ధ్వని బాస్ గిటారులా ఉండదు. అందులో స్వరాలు పొందుపరచడం ఇంకొక చిక్కు: స్వరస్థానాలు ఒక విడతలో, కాలప్రమాణం మరొక విడతలో విడివిడిగా నొక్కాలి. అంగడిలో అది పరాజయం పొందింది. పదివేల దాకా తయారుచేసి 1984లో కంపెనీ దాన్ని ఆపివేసింది.

అయితే ఆ పెట్టెలో రెండు విశేషాలున్నాయి. ఏ స్వరానికైనా 'స్లైడ్' పెడితే అది తెగకుండా తరువాతి స్వరంలోకి జారుతుంది. దీనికి మన సంగీతంలో ఉన్న పేరే పెట్టుకోవచ్చు: జారు. రెండవది, ధ్వనిలోని పై పౌనఃపున్యాలను వడకట్టే ఫిల్టరు. దాని నాబు తిప్పుతూ పోతే గరగరలాడే మంద్రధ్వని మెల్లగా పలుచబడి, మెలికలు తిరిగి, చివరకు కీచుమంటుంది. ఈ రెండవ విశేషమే పిమ్మట షికాగోలో ఒక కొత్త సంగీతానికి ఊపిరి పోసింది. చరణ్‌జిత్ సింగ్‌కు ఎక్కువగా అక్కరకు వచ్చింది మొదటిది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. బాస్ గిటారు వాయించి బతికే మనిషి బాస్ గిటారు వాద్యకారుని అవసరం లేకుండా చేయడానికి తయారైన యంత్రాన్ని సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. తరువాతి పదిహేనేళ్ళలో సింథసైజర్లు, తాళయంత్రాలు, కంప్యూటర్లు వచ్చి బొంబాయిలోనూ మదరాసులోనూ పెద్ద వాద్యబృందాలను పలుచబరచాయి. నూరుమంది కూర్చునే స్టూడియోలో నలుగురు చాలన్నారు. ఆ మార్పు రాబోతున్న గడపలో నిలబడి చేసిన రికార్డు ఇది.

* * *

1982 నాటికి హిందీ సినిమా అంతా డిస్కోమయం. 1980లో 'కుర్బానీ' కోసం బిడ్డు స్వరపరచిన పాటతో నాజియా హసన్ కంఠం ఇంటింటా మోగింది. 1981లో ఆమె 'డిస్కో దీవానే' వచ్చింది. 1982 డిసెంబరులో బప్పీ లహరి సంగీతంతో 'డిస్కో డాన్సర్' విడుదలైంది. చరణ్‌జిత్ సింగ్ ఆలోచన కూడా అక్కడినుండే పుట్టింది. సినిమాలలో ఇంత డిస్కో ఉన్నదే, దానితోనే వేరే ఏదైనా చేయకూడదా, రాగాలు వాయించి, తబలా ఆపివేసి, దాని చోట డిస్కో దెబ్బ పెడితే ఎలా ఉంటుంది అనుకున్నట్లు ఆయన తరువాతి కాలంలో చెప్పారు. ఇందులో విప్లవ ప్రకటన ఏమీ లేదు. వృత్తిలో ఆరితేరిన మనిషికి తోచిన పనివాని ఆలోచన ఇది.

పది రాగాలు, ఒక్కొక్కటీ సుమారు ఐదు నిమిషాలు. కింద 808 నాలుగు సమానమైన దెబ్బలు విడవకుండా వేస్తూ ఉంటుంది. దాని పైన 303 ఆ రాగంలోని స్వరాలనే చిన్న చిన్న మెలికలుగా తిప్పుతూ పరుగెడుతుంది. ఆ పైన జూపిటర్ మీద ఆయన చేయి రాగాన్ని పలికిస్తుంది.

ఈ రికార్డును తెలుగువారు వినడంలో ఒక సౌలభ్యం ఉంది. ఐరోపా శ్రోతకు అవి వింత స్వరాల వరుసలు. మనకు చాలావరకు చుట్టాలే. ఇందులోని భూపాలి మన మోహన. మాల్కౌఁస్ మన హిందోళం. యమన్ కల్యాణికి దగ్గరి చుట్టం. బైరాగి స్వరాలు మన రేవతివి. మధువంతి స్వరాలు మన ధర్మవతిలో దొరుకుతాయి. రెండు చోట్ల మాత్రం పేరు చూసి మోసపోకూడదు. హిందుస్తానీ కళావతి స్వరాలు మన వలజివి; మన కళావతి వేరు. అలాగే వారి తోడి మన తోడి కాదు, మన శుభపంతువరాళికి సమీపం. లలిత్‌లో పంచమం లేదు. రెండు మధ్యమాలూ పక్కపక్కనే పలుకుతాయి. పాశ్చాత్య నృత్యసంగీతపు చెవికి అన్నిటికన్న అపరిచితంగా తోచేది బహుశా అదే. తెల్లవారుజామున పాడవలసిన ఆ రాగమూ, నడిరేయి రాగమైన మాల్కౌఁసూ, వానకారు రాగమైన మేఘ్ మల్హార్ కూడా ఇక్కడ ఒకే వేగపు దెబ్బకు వరుసలో నిలబడ్డాయి.

అపచారమే అనేవారున్నారు. వారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. రాగమంటే స్వరాల జాబితా కాదు. ఒకే స్వరాన్ని ఒక్కొక్క రాగంలో ఒక్కొక్క రీతిగా పలికించాలి. ఏ స్వరం మీద నిలవాలో, దేనిని తాకీతాకనట్టు వదలాలో తెలియాలి. సప్తకాన్ని పన్నెండు సమానమైన మెట్లుగా కోసిన పాశ్చాత్య వాద్యం మీద శ్రుతిసూక్ష్మాలు పలకవు. విలంబంగా రాగాన్ని విప్పడానికి ఐదు నిమిషాలలో పెద్దగా చోటు లేదు. ఈ తగవు మనకు కొత్తది కాదు. సరిగ్గా ఈ కారణాల మీదనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఆ మూడు దశాబ్దాలూ హార్మోనియం మాత్రం భజనగోష్ఠులలో, నాటక వేదికల మీద నిశ్చింతగా మోగుతూనే ఉంది. మన పద్యనాటకాన్ని హార్మోనియం లేకుండా ఊహించగలమా? శాస్త్రం పెదవి విరిచిన వాద్యాన్ని జనసంగీతం అక్కున చేర్చుకోవడం మనకు అలవాటైన కథే.

చరణ్‌జిత్ సింగ్ ఈ లోపాలు తెలియని మనిషి కాడు. వినగా తెలిసేది ఏమంటే, యంత్రం ఇవ్వలేనిదాని కోసం ఆయన పోరాడలేదు. ఇవ్వగలిగినదాన్ని పూర్తిగా పిండుకున్నారు. నిలకడగా పలకలేని చోట జారించారు. ఆలాపనకు చోటు లేకపోతే, తంబురా శ్రుతి ఇచ్చే నిరంతరత్వాన్ని ఎడతెగని 303 పరుగుకు అప్పగించారు. రాగంలోని ఐదారు స్వరాలనే అటూ ఇటూ తిప్పుతూ, కొత్త స్వరం చేర్చకుండా, విసుగు పుట్టకుండా నడపడం మన సంగీతంలో మొదటి పాఠం. స్వరాలు మారకుండా సాగే నృత్యసంగీతానికీ దీనికీ పోలిక అక్కడ కుదిరింది.

రికార్డు అమ్ముడుపోలేదు. శాస్త్రీయ సంగీతపు శ్రోతకు ఇది డిస్కో. డిస్కో కోరేవారికి ఇందులో పాట లేదు. కంపెనీ మరిచిపోయింది. ఆయన మళ్ళీ స్టూడియోలకూ వేడుకలకూ వెళ్ళిపోయారు.

* * *

అదే యంత్రం అదే దశాబ్దంలో మరొక ఊళ్ళో మరెవరి చేతిలోనో పడింది. 1979 జూలై 12న షికాగో కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను గుట్టపోసి పేల్చివేశారు. జనం మైదానంలోకి దూకడంతో ఆనాటి రెండవ ఆట జరగనేలేదు. డిస్కోను ప్రాణంగా చూసుకున్న నల్లవారికీ, లాటినోలకూ, స్వలింగ ప్రియులకూ అది తమ మీద పడిన దెబ్బగానే తోచింది. ఆ ఊళ్ళోనే 'వేర్‌హౌస్' అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ డిస్కో రికార్డులను కోసి, అతికి, సాగదీసి రాత్రంతా ఆడించేవాడు. హౌస్ అన్న పేరు ఆ క్లబ్బు పేరులోనుండి ఊడిపడిందే. తరువాత 'మ్యూజిక్ బాక్స్' క్లబ్బులో రాన్ హార్డీ దానికి ఇంకా ఉద్రేకం జోడించాడు.

డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే అనే ముగ్గురు యువకులు 'ఫ్యూచర్' పేరుతో జట్టుకట్టారు. కంపెనీ ఆపివేసిన 303 ఒకటి పాత సరుకుగా వారికి దొరికింది. దానిలో బాస్ వరుస ఎలా అమర్చాలో వారికి అంతుపట్టలేదు. అది మోగుతూ ఉండగా నాబులు తిప్పడం మొదలుపెట్టారు. ఆ మెలికల ధ్వనినే పన్నెండు నిమిషాల దాకా సాగదీసి టేపు చేసి రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి ఆడించినప్పుడు నర్తనశాల ఖాళీ అయిందనీ, అదే రాత్రి నాలుగవసారి ఆడించేసరికి జనం వెర్రెత్తిపోయారనీ వారు చెప్పుకున్న కథ. 1987లో అది 'ఆసిడ్ ట్రాక్స్' పేరుతో ట్రాక్స్ సంస్థ రికార్డుగా వచ్చింది. మరుసటి ఏడాదికల్లా ఇంగ్లండును ముంచెత్తింది.

ఈ రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి వింటే మొదట పోలికే వినబడుతుంది. ఇంకొకసారి వింటే భేదం తెలుస్తుంది. షికాగో రికార్డులో రాగం లేదు, స్వరకల్పన లేదు; మారుతున్న ధ్వనే దాని కథ. నాబు తిప్పే చేయే అక్కడ వాద్యకారుడు. బొంబాయి రికార్డులో రాగమే యజమాని, 303 దాని సేవకురాలు. పోలిక యంత్రానిది. అటువంటి చిన్న పెట్టెకు పలకగలిగిన ధ్వనులు కొన్నే. వాటిని నాలుగు దెబ్బల తాళం మీద పరుగెత్తిస్తే బొంబాయిలోనైనా షికాగోలోనైనా ఒకేలాంటి వంపులు తిరుగుతుంది.

కాలక్రమమే కొలబద్ద అయితే ఆద్యుల వరుస ఇంకా పెద్దది. 1982–83లోనే బ్రిటన్‌లో హెవెన్ 17, ఆరెంజ్ జూస్ బృందాలు 303ను పాటలలో వాడాయి. 1983లో ఇటలీలో అలెగ్జాండర్ రోబోట్నిక్ వాడాడు. సింథసైజరుతో భారతీయ సంగీతం అన్నామా, 1970లోనే ఆనందశంకర్ సితార్‌కూ మూగ్ సింథసైజరుకూ పొత్తు కుదిర్చాడు. అంతకు ముందు ఏడాది, 1969లో, అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మూగ్ యంత్రంతో ఒక స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయ్ మొదలైనవారు అక్కడ చేసిన ప్రయోగాల టేపులు దశాబ్దాలపాటు ఆ సంస్థ గ్రంథాలయంలోనే నిద్రపోయి, పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుని పుణ్యమా అని 2023లో గాని రికార్డుగా వెలుగు చూడలేదు.

ముందు పుట్టడం వేరు, తండ్రి కావడం వేరు. తండ్రి అనిపించుకోవడానికి సంతానం ఉండాలి. చరణ్‌జిత్ సింగ్ రికార్డును షికాగోలో ఎవరూ వినలేదు. విని ఉండే అవకాశమే లేదు. బొంబాయిలో కూడా ఆ దారిన రెండవవాడు నడవలేదు. ఈ నిజం చెప్పడం ఆయనను తగ్గించడం కాదు. ఆయనను ఆసిడ్ హౌస్ ఆద్యుడని కీర్తించిన ప్రతిసారీ రెండు అన్యాయాలు జరుగుతున్నాయి. ఒకటి, తమ క్లబ్బులలో, తమ మీద పడిన తిరస్కారం నడుమ, ఒక సంగీతాన్ని రాత్రి వెంట రాత్రి కని పెంచిన షికాగో నల్లజాతి యువకుల చేతిలోనుండి, తేదీల లెక్క చూపి దానిని లాగివేయడం. రెండవది చరణ్‌జిత్ సింగ్‌కే జరిగేది. ఆయన గొప్పతనం పశ్చిమదేశాలు తరువాత కనిపెట్టినదానికి ముందస్తు నకలు కావడంలోనే ఉన్నట్లు అర్థం వస్తుంది. ఆ రికార్డుకు సొంత నెలవు ఉంది. ఇరవై ఏళ్ళ సినిమా వాద్యజీవితం, పెళ్ళి వేదికలు, హార్మోనియం తగవు, కుర్బానీ తరువాతి డిస్కో హోరు: అవన్నీ దాని వెనుక ఉన్నాయి. బిరుదు ఆ నెలవును చెరిపివేస్తుంది.

* * *

పునర్ముద్రణ తరువాత చివరి సంవత్సరాలలో ఆయన ఐరోపా వేదికల మీద ఆ రాగాలను యంత్రాలతో మళ్ళీ వాయించారు. మనవల వయసు పిల్లలు ఎదుట నిలబడి ఆడారు. 2015 జూలై 5న ముంబయిలో కన్నుమూశారు.

జీవితమంతా ఇతరుల పాటలలో పేరు లేకుండా వాయించిన మనిషి, ఒక్కసారి తనకు తోచినట్లు వాయించిన రికార్డు ఇది. వినదలచిన మిత్రులు భూపాలితో మొదలుపెట్టవచ్చు. మోహన ఎరిగిన చెవికి దారి తప్పే భయం లేదు. షికాగోను కాసేపు పక్కన పెట్టి, 303 జారు మీద ఒక చెవి వేసి వినండి. బాస్ గిటారు వాద్యకారుడు ఒకడు తన స్థానాన్ని ఆక్రమించడానికి వచ్చిన యంత్రానికి సరిగమలు నేర్పుతూ ఉండడం వినిపిస్తుంది.